పళ్ళ చక్రం పోత

2025 జూన్ 7, శనివారం

వర్జీనియాలోని మా షాంటిలీకి ఉక్క వచ్చేసింది. గరాజ్ తలుపు తీస్తే డల్లెస్‌లో దిగే విమానాల మోత, వేస్తే చెమట. బల్ల మీద బాబాయి గారి టూ-ఇన్-వన్ టేపురికార్డరు వెనక మూత ఊడి పడుంది. ఆయన నా స్నేహితుడి తండ్రి. ఆదిలాబాద్ డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్లుందామని కొడుకింటికి వస్తూ పచ్చళ్ళతో పాటు దీన్నీ సూట్‌కేసులో పెట్టుకొచ్చారు. బ్యాటరీలు వేసి ప్లే నొక్కితే హరికథ మొదలవుతుంది, కాసేపటికి టేపు నమిలేస్తుంది.

విప్పి చూస్తే కుడివైపు రీలును తిప్పే తెల్ల గేరు చీలింది. ఇనప ఇరుసు మీద బిగించి కొట్టిన ప్లాస్టిక్ గేర్లకి ఇది మామూలు చావే. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, ఇరుసు కుంచించుకోదు, చివరికి రెండు పళ్ళ నడుమ పలచగా ఉన్నచోట పగులు తేలుతుంది. పగిలినచోట సందు వెడల్పవుతుంది కాబట్టి చుట్టుకొకసారి ఎదుటి గేరు పన్ను తడబడుతుంది. ఇక్కడ ఆ తడబాటుకి ఒక పన్ను ఊడిపోయింది కూడా.

జూన్ 8

కొలతలు. పళ్ళు 32. బయటి వ్యాసం 17 మిల్లీమీటర్లు. పళ్ళ సంఖ్యకి రెండు కలిపి, దానితో వ్యాసాన్ని భాగిస్తే పళ్ళ సైజుని చెప్పే మాడ్యూల్ వస్తుంది: 17ని 34తో భాగిస్తే 0.5. చిన్న యంత్రాల్లో తరచూ కనబడే సైజే. పన్ను ఎత్తు 1.1 మిల్లీమీటర్లు. ఇదే హైదరాబాదైతే కోఠీలో గుజరాతీ గల్లీ దాకా వెళ్ళి, పాత డెక్కుల గుట్టలో వెతికి ఇంటికొచ్చేవాణ్ణి. ఇక్కడ చేసుకోవడమే దారి.

జూన్ 10

స్నేహితుడి కొడుకు వచ్చాడు. "అంకుల్, త్రీడీ ప్రింట్ చేసేయొచ్చు కదా?" వాడి ప్రింటరు నాజిల్ 0.4 మిల్లీమీటర్లు. ఈ గేరు పన్ను మందం 0.78. అంటే ఒక్కో పన్నుకి రెండు గీతలు కూడా సరిగ్గా పట్టవు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. "ఓకే, అయితే పోత పోద్దాం" అని వాడే గ్లవుజులు తొడుక్కున్నాడు.

జూన్ 14

అసలు పనంతా ఇవాళే. అచ్చు దేన్ని చూస్తే దాన్నే దించుతుంది, వేలిముద్రతో సహా. బాబాయి గారు కుర్చీ లాక్కుని కూచుని ముందే హెచ్చరించారు: "అరిగిన పండ్లకు అచ్చు దీస్తే అరుగుడు గూడ దిగుతది బిడ్డా. ముందుగాల దీన్ని మంచిగ చెయ్యి."

గేరుని ఇరుసు నుంచి లాగి, కాస్త సన్నటి కడ్డీ మీదికి ఎక్కించి, పగులు మూసుకునేలా దారంతో బిగించి, సూపర్‌గ్లూ చుక్క వేశాను. ఇలాంటి ప్లాస్టిక్‌ని జిగురు గట్టిగా పట్టదు. కానీ అచ్చు తీసేదాకా నిలిస్తే చాలు. ఊడిన పన్ను కోసం, బాగున్న మూడు నాలుగు పళ్ళ మీద సిలికాన్ ముద్ద నొక్కి, గట్టిపడ్డాక దాన్ని ఖాళీ మీదికి జరిపి, లోపల ఎపాక్సీ నింపాం. అటూ ఇటూ ఉన్న పళ్ళే కొత్తదాన్ని తిన్నగా నిలబెట్టాయి. బాబాయి గారు లెన్సు పెట్టుకుని చాలాసేపు చూసి, తల మాత్రం ఊపారు.

జూన్ 15

సిలికాన్ రబ్బరు పోశాం. సీసా మూతలో గేరు, దాని నడుమ వాజెలిన్ రాసిన ఉక్కు పిన్ను. పోతలో బెజ్జం సరిగ్గా మధ్యలో పడాలంటే ఆ పిన్నే ఆధారం. రబ్బరుని ఎత్తు నుంచి, ఒక పక్కగా, దారంలా పొయ్యాలి. అంత సన్నగా సాగేటప్పుడే గాలి బుడగలు చిట్లిపోతాయి. ప్లాటినం రకం సిలికాన్ అయితే లేటెక్స్ గ్లవుజులు వాడకూడదు, తగిలినచోట గట్టిపడదు.

ఆరేదాకా బాబాయి గారు ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా పని గురించి చెప్పారు. మైనపు దారాలు చుట్టి బొమ్మ చేస్తారు, మట్టి పూసి కాలుస్తారు, మైనం కరిగిపోయిన దారిలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, ఒక అచ్చుకి ఒకటే. ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మా రబ్బరు అచ్చు మాత్రం చాలాసార్లు వంగి గేరుని వదిలేస్తుంది.

జూన్ 21

రెజిన్. పెన్సిల్వేనియాలోని స్మూత్-ఆన్ వాళ్ళ స్మూత్-కాస్ట్ 300. రెండు సీసాలు సమానంగా కలపాలి. కలిపాక మూడు నిమిషాలే చేతిలో ఉంటాయి, పదినిమిషాలకి అచ్చులోంచి తీయొచ్చని డబ్బా మీద ఉంటుంది. అది పెద్ద పోతల లెక్క. రసాయనం తన వేడికి తానే గట్టిపడుతుంది. ఇంత చిన్న గేరులో ఆ వేడి నిలవదు కాబట్టి గంటసేపు ముట్టుకోకుండా ఉంటే మేలు.

వర్జీనియా జూన్‌లో అసలు శత్రువు తేమ. ఒక సీసాలోది ఐసోసయనేట్. దానికి నీళ్ళు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పోత ఇడ్లీలా పొంగుతుంది. పన్నే మిల్లీమీటరున్నప్పుడు అర మిల్లీమీటరు బుడగంటే సగం పన్ను పోయినట్టే. అందుకే డీహ్యూమిడిఫయర్ నడుస్తోంది, కలపడానికి ఐస్‌క్రీం పుల్ల బదులు ప్లాస్టిక్ పుల్ల. చెక్కలోనూ తేమ ఉంటుంది. పిల్లాణ్ణి మాత్రం పోసేటప్పుడు బయటికి పంపాను. ఆ ఆవిరి ఒంటికి పడకపోతే ఉబ్బసం పట్టుకుంటుంది. మాస్కంటే గుడ్డది కాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జులున్నది.

జూన్ 22

బాబాయి గారిని ఉద్వర్-హాజీ సెంటర్‌కి తీసుకెళ్ళాం. 2003 డిసెంబరులో తెరిచిన స్మిత్‌సోనియన్ విమానాల మ్యూజియం, మా ఇంటి పక్కనే అనుకోవచ్చు. డిస్కవరీ షటిల్ దగ్గర ఫొటో దిగారు గానీ, కదలకుండా నిలబడింది రెస్టరేషన్ హ్యాంగర్ పైన అద్దాల దగ్గర. కింద విప్పిన విమానాలు, రెక్కలు. అక్కడున్న ఎనోలా గే విమానం బాగుచేతకి దాదాపు మూడు లక్షల పనిగంటలు పట్టాయని చెబితే, "మా డిపోల అయితె పొద్దుగూకేసరికి బండి రోడ్డెక్కాలె" అన్నారు.

కొత్తగా చేసిన భాగం కొత్తదని తెలియాలన్నది ఇలాంటి పనివాళ్ళ నియమం. తర్వాత విప్పేవాడికి అది సాయం. మా గేరునీ మళ్ళీ పోసి, ఈసారి రెజిన్‌లో ఎర్ర రంగు చుక్క కలపాలి.

జూన్ 28

మళ్ళీ పోసిన ఎర్ర గేరు బిగించాం. బెజ్జాన్ని రీమర్‌తో కాస్త వదులు చేసి, చుక్క జిగురుతో నిలబెట్టాను. రెజిన్ పెళుసు, కొట్టి ఎక్కిస్తే పాతదాని దారే పడుతుంది. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవడం కాప్‌స్టాన్, పించ్ రోలర్ల పని. ఈ గేరు వచ్చిన టేపుని చుట్టిపెట్టడమే చేస్తుంది. బరువు లేదు, వేగం లేదు, కొంచెం ఒంకరున్నా గొంతు మారదు. రెజిన్‌కి తగిన కొలువు. క్యాసెట్ రెండు వైపులా నమలకుండా తిరిగింది.

జూలై 4

పార్కులో వంటలు. కబురు అప్పుడే పాకింది. ఒకావిడ మిక్సీ కప్లర్ చేసిపెట్టమన్నారు, ఇంకొకరు గరాజ్ డోర్ గేరు. రెండూ చెయ్యనన్నాను. వాటి మీద పడే బలానికి రెజిన్ పళ్ళు మొదటి రోజే రాలిపోతాయి. పైగా ఆ ముక్కలు మిక్సీలో పప్పు పక్కనే తిరుగుతాయి. బొమ్మ కారు, గడియారం, పాత టేపురికార్డరు ఉంటే తీసుకురండి. మిక్సీ కప్లర్ మాత్రం ఈసారి ఇండియా నుంచి వచ్చేవాళ్ళని రెండు తెమ్మనండి.