కామాటిపురా గల్లీలో రేసు బండి

కామాటిపురా అని చెబితే బయటివాళ్ళు మొహం అదోలా పెడతారు. వాళ్ళు సినిమాల్లో చూసిన కామాటిపురా ఒకటి, మనం బతికిన కామాటిపురా ఇంకొకటి. ఆ పేరే మనవాళ్ళ వల్ల వచ్చింది. 1795 తర్వాత బొంబాయి ద్వీపాలను కట్టలు పోసి కలిపే రోజుల్లో నిజాం ఇలాకా దిక్కు నుంచి రాళ్ళు, మట్టి మోయడానికి వచ్చిన తెలుగు కూలీలను కామాటీలు అన్నారు. వాళ్ళు కాపురం పెట్టిన జాగా కామాటిపురా అయింది. వాళ్ళ వెనక గిర్నీల కోసం కరీంనగర్, నల్లగొండ, వరంగల్ దిక్కు నుంచి పద్మశాలీలు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు వచ్చారు. కొందరు ఇక్కడే ఉన్నారు. కొందరు వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్ చాళ్ళకు పోయారు. నేను వర్లీ బి.డి.డి. చాల్‌లో పెరిగాను. వర్లీలో అప్పుడు అవి 121 చాళ్ళు ఉండేవి, ఒక్కో ఖోలీ 160 చదరపడుగులు. మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. తర్వాత చదువంతా సాంచా ఖాతాలోనే.

మా చెల్లె కాపురం కామాటిపురాలో. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, అక్కడి గల్లీలో ఒక పాత పద్మిని కారును రేసు బండిగా తయారు చేసిండు. మన ఏరియా గురించి ఏదన్నా రాయమని పత్రికవాళ్ళు అడిగితే, నేను ఆ షెడ్డు గురించే రాస్తానన్నాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో దిగి, తూర్పు దిక్కు బెల్లాసిస్ రోడ్డు మీద నాగ్‌పాడా వైపు నడవండి. కుడిచేతి పక్కన ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవే కామాటిపురా గల్లీలు. పేర్లు కాదు, నంబర్లు. పొద్దున పూట పోతే కిందింట్లో సంచులు కుట్టే మిషన్లు, ఆ పక్కన వెల్డింగు, ఆ పక్కన భంగార్ తూకం, మెట్ల కింద ఇస్త్రీ బండి. మేడ మీద మా చెల్లె లాంటి ఆడోళ్ళు ఒకప్పుడు బీడీలు చుట్టేవాళ్ళు. ఇల్లు ఏదో, కార్ఖానా ఏదో కొత్తవాళ్ళకు తెలియదు. మా వాడి షెడ్డు కూడా అట్లాంటిదే. బిల్డింగు కింద పాత గోదాము, ముందు రేకు పందిరి. పద్మిని కారు పదమూడడుగుల పొడుగు, అయిదడుగుల కంటే కొంచెం తక్కువ వెడల్పు. కారు లోపల పెట్టాక మనిషి పక్కకు తిరిగి నడవాలి.

పద్మిని మన ఊరి బండే. కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కార్ఖానాలో తయారైంది. ఆ కంపెనీని వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిండు. ఇటలీ ఫియట్ 1100 నమూనాతో బండ్లు చేసి, 1970లలో దానికి పద్మిని అని పేరు పెట్టారు. నలుపు పసుపు రంగు వేసుకొని బొంబాయి మొత్తాన్ని మోసింది అదే. 1982 జనవరి 18న మన సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది గిర్నీ కార్మికులు బయటికొచ్చారు. చాలామంది మళ్ళీ లోపలికి పోలేదు. అట్లా పోనివాళ్ళలో మా బావ ఒకడు. అతను లైసెన్సు తీసి టాక్సీ ఎక్కి, ముప్పై ఏళ్ళు పద్మిని నడిపిండు. చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న తార్‌దేవ్ ఆర్.టి.వో.లో రిజిస్టర్ అయింది. ఇరవై ఏళ్ళు దాటిన టాక్సీ నడపరాదని రూలు కాబట్టి, 2023 అక్టోబరు ఆఖరుతో ఆ బండి రోడ్డు దిగింది. ఆ రోజు మా బావ అన్నం సరిగ్గా తినలేదు.

మేనల్లుడు కొన్నది టాక్సీ కాదు, 1986 నాటి సొంత వాడకం బండి. గిర్గావ్‌లో ఒకాయన చెట్టు కింద పెట్టి మరిచిపోయిండు. భంగార్ ధరకే ఇచ్చిండు. తోసుకొని రాలేక టెంపోలో ఎక్కించి తెచ్చారు. మొదటి నెలంతా ఊడదీయడమే. సీట్లు, కింద పరిచిన మ్యాట్లు, తలుపుల లోపలి అట్టలు, వెనక అద్దం, అన్నీ తీసేసిండు. రేసు బండికి ప్రతి కిలో బరువే. తీసింది ఏదీ పారెయ్యలేదు. కొంత చోర్ బజార్లో అమ్మి, ఆ పైసలతోనే కుర్లా సి.ఎస్.టి. రోడ్డు నుంచి వేరే సామాను తెచ్చిండు.

ఇంజన్ కిందికి దించినప్పుడు నన్ను పిలిచిండు.

“మామా, నువ్వు సాంచెలు సెట్టింగు చేసినోనివి. ఒకసారి చూడరాదు.”

“నాకు కార్లు తెల్వదురా.”

“ఇండ్ల తెలియనిదేమున్నది? నీ సాంచాకు కూడ క్రాంకు షాఫ్టు లేదా?”

నిజమే. మన సాంచాకు క్రాంకు షాఫ్టు ఉంటుంది, టాపెట్లు ఉంటాయి, క్లచ్చు, బ్రేకు ఉంటాయి. పైన క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కింద టాపెట్ షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. అప్పుడే దారాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు లేచి గుడ్డ పడుతుంది. ఈ కారు ఇంజన్‌లో కూడా అదే లెక్క. క్రాంకు రెండు చుట్లకు క్యాము ఒక చుట్టు. అప్పుడే వాల్వు సరైన వేళకు తెరుచుకొని పెట్రోలు గాలి లోపలికి పోతుంది. సాంచాలో టైమింగు తప్పితే షటిల్ దారాల్లో ఇరుక్కొని వార్పంతా తెగుతుంది. ఇంజన్‌లో తప్పితే జోరు పోతుంది, వాల్వు పిస్టన్‌కు కొట్టుకున్నా కొట్టుకుంటుంది. తేడా ఒకటే. మన సాంచా నిమిషానికి రెండు వందల చుట్ల దగ్గర తిరిగేది, ఇది అయిదు వేలు తిరగాలి. కాబట్టి సాంచాలో పట్టించుకోని బరువు తేడా ఇక్కడ ఇంజన్ను విరగ్గొడుతుంది. నాలుగు పిస్టన్లు, నాలుగు కనెక్టింగ్ రాడ్లు ఒకే బరువు ఉండాలి. గల్లీలో ఉన్న కంసాలి దగ్గరికి పట్టుకుపోయి బంగారం తూచే కాంటా మీద తూచాము. బరువెక్కువ ఉన్నవాటిని ఆకురాయితో కొంచెం కొంచెం రాశాను. నా చేతికి చాలా ఏళ్ళ తర్వాత సరైన పని దొరికింది.

ఈ ఇంజన్ 1089 సి.సి. మాత్రమే. పెద్ద జోరు దానిలో లేదు. ఉన్నంతలోనే పిండుకోవాలి. హెడ్డును లేతు మీద కొంచెం చెక్కించి ఒత్తిడి పెంచాడు. గాలి పోయే దారులను లోపల నున్నగా రుద్దిండు. ఫ్లైవీల్ బరువు తగ్గించిండు. స్ప్రింగులు, షాకబ్జార్లు గట్టివి వేసిండు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. మళ్ళీ మళ్ళీ తొక్కితే వేడెక్కి పట్టవు. అందుకని ముందు చక్రాలకు వేరే కారు డిస్కు బ్రేకులు అమర్చిండు. దానికి పట్టీలు గల్లీలోని లేతు మీదనే కోయించిండు.

మా చెల్లె వీటిలో ఏదీ అడగలేదు. ఒక్కటే అడిగింది. “బోల్తా పడితే నా కొడుకు ఏమైతడు?” దాని కోసమే లోపల పంజరం కట్టిండు. నీళ్ళ పైపుతో కట్టరాదు. అతుకు లేని ఉక్కు పైపును వంచి, తల మీద నుంచి నేల దాకా తెచ్చి, బండి ఒంటికి గట్టి పట్టీలతో బిగించాలి. దాంతోపాటు ఒళ్ళంతా పట్టుకునే సీటు, భుజాల మీద నుంచి నడుము దాకా పట్టుకునే బెల్టు, మంటలార్పే డబ్బా, బయట నుంచి కరెంటు తీసేసే స్విచ్చు. పంజరం వెల్డింగు అయిన రోజు చెల్లె కిందికి వచ్చి ఆ పైపును రెండు చేతులతో పట్టుకొని ఊపి చూసి పోయింది.

ఇక నడిపేది ఎక్కడ? ఇట్లాంటి బండి రోడ్డెక్కరాదు. ముంబయిలో ఒకప్పుడు జుహూ విమానాల పట్టీ మీద రేసులు జరిగేవి. మద్రాసు దగ్గర షోలవరం పట్టీ మీదా జరిగేవి. ఇప్పుడు ముంబయిలో రేసు ట్రాకు లేదు. అందుకని కోయంబత్తూరు పోయాము. బండి లారీలో పోయింది. నేను, బావ, మేనల్లుడు కుర్లా టర్మినస్‌లో కోయంబత్తూరు రైలు ఎక్కి రెండు రాత్రులు ఒక పగలు పోయాము.

అక్కడ నాకు తెలిసిన సంగతి మీకు చెప్పాలి. కోయంబత్తూరు కూడా మన లాగే గిర్నీల ఊరు. అక్కడి నాయుళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే. లక్ష్మీ మిల్లు 1910లో కుప్పుస్వామి నాయుడు పెట్టింది. ఆ కుటుంబంలోనివాడే కరివర్ధన్. 1980లలో ఆయన మారుతి 800 ఇంజన్ పెట్టి, తక్కువ ఖర్చులో ఒంటి సీటు రేసు కారు తయారు చేసిండు. పైసలు లేని పోరగాళ్ళు కూడా రేసు నేర్చుకోవాలని ఆయన ఆలోచన. 1995లో విమాన ప్రమాదంలో పోయిండు. ఆ ఊరివాడే నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. ఊరి బయట చెట్టిపాళయంలో ఉన్న ట్రాకుకు కరివర్ధన్ పేరే పెట్టారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది.

అది రేసు కాదు, ప్రాక్టీసు రోజు. ముందు పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. బెల్టులు గుంజి చూశారు, పంజరం అతుకులు చూశారు, ఇంజన్ నడుస్తుండగా బయటి స్విచ్చు తీసి చూశారు. ఇంజన్ ఆగింది. సరే అన్నారు. వాడు రెండు చుట్లు తిరిగేసరికి, గోడ పక్కన నిలబడ్డ బావ కళ్ళు మూసుకొని అన్నాడు, “మూడో సిలిండరు సరిగ కొడతలేదు.” లోపలికి పిలిచి చూస్తే మూడో ప్లగ్గు నల్లగా మసిపట్టింది. ప్లగ్గు మార్చి పంపాము. తర్వాత బండి పాడుకుంటూ పోయింది. కొత్త కార్లు దాన్ని దాటిపోయాయి, అది వేరే సంగతి. మలుపులో దాన్ని చూసి బావ నవ్విండు. “ముప్పై ఏళ్ళు నేను దీన్ని నలభై దాటనియ్యలే. ఇంత దమ్మున్నదని నాకే తెల్వదు.”

ఇప్పుడు అసలు సంగతి. కామాటిపురా గల్లీలన్నీ కూల్చి మ్హాడా ద్వారా కొత్త బిల్డింగులు కట్టే పథకం వచ్చింది. ఇంటికి 500 చదరపడుగులు అంటున్నారు. అది రావాలి. మా చెల్లె నలభై ఏళ్ళు పొద్దున నాలుగు గంటలకు బకెట్ పట్టుకొని వరుసలో నిలబడ్డది. సొంత బాత్రూము ఆమె హక్కు. దాన్ని వద్దనేవాడు మా ఇంట్లో ఎవడూ లేడు. కానీ ఇరవయ్యో అంతస్తులో లేతు పెట్టరాదు, వెల్డింగు చెయ్యరాదు. గిర్నీలు మూతపడ్డప్పుడు మన చేతి పని ఈ గల్లీల్లోకి వచ్చి బతికింది. కంసాలి కాంటా, లేతు, వెల్డింగు, సాంచా తెలిసిన ముసలోడు, టాక్సీ చప్పుడు తెలిసిన ముసలోడు, అందరూ నాలుగడుగుల దూరంలో ఉన్నారు కాబట్టే ఆ బండి తయారైంది. ఇల్లు వచ్చి పని పోతే మన పోరగాళ్ళు ఏం తినాలి?

అందుకని మేము ఒక అర్జీ రాస్తున్నాం. కొత్త బిల్డింగుల కింద చేతిపని చేసేవాళ్ళకు గాలాలు ఇవ్వాలని, ఇప్పుడు షెడ్డు ఉన్నవాళ్ళ పేర్లు సర్వేలో ఎక్కించాలని. భాడే చిట్టీ, లైటు బిల్లు, గుమాస్తా లైసెన్సు, ఏది ఉంటే దాని నకలు తెచ్చుకోండి. కాగితం లేనివాళ్ళు కూడా రండి, పక్కవాళ్ళతో సాక్ష్యం రాయిద్దాం. వర్లీ, నాయ్‌గావ్‌లో ఈ పని ముందే చూసినవాళ్ళు ఉంటే వచ్చి మాకు చెప్పండి. ప్రతి ఆదివారం పొద్దున మేము షెడ్డులోనే ఉంటాం. పిల్లల్ని తీసుకొస్తే మేనల్లుడు బండి స్టార్ట్ చేసి చూపిస్తడు.