నిర్జనమను మాట

ఏడాదికొక రాత్రియైనను ఇల్లు విడిచి, ఆరుబయట వండుకొని, చుక్కలు చూచుచు నిదురించుట కుటుంబమునకు మేలు. కార్తికమాసపు వనభోజనములు మన పెద్దలేర్పరచినవే. నేటివారు రాత్రి బసను కూడ చేర్చి దానిని క్యాంపింగు అనుచున్నారు. గండికోట పరిసరములందు ఇందులకు గుడారములు అద్దెకు దొరకును. బెంగుళూరు, హైదరాబాదు నగరములనుండి వచ్చువారు ఈ చోటును నిర్జనమని కొనియాడుదురు. ఆ మాటను గూర్చియే మేము ముచ్చటింపదలచితిమి.

మేము ప్రొద్దుటూరున ఉపాధ్యాయులము. మొన్నటి కార్తికమున భార్యాబిడ్డలతో జమ్మలమడుగు మీదుగా పోయి, జలాశయపుటొడ్డున చెట్లనడుమ విడిసితిమి. ఆ పూట సంగటి మేమే కెలికితిమి. ఇల్లాలు నీటిదరిని తీరికగా కూర్చుండెను. గుడారములకు కావలియున్న పెద్దాయనను మా చిన్నపిల్ల “మీదేవూరు తాతా?” అని అడిగెను. ఆయన నీటివంక చేయి చూపి, “తాళ్ళప్రొద్దుటూరు పాపా. ఆ నీళ్ళకిందనే ఉండాది” అనెను. 2020వ సంవత్సరమున జలాశయమున నీటిమట్టము పెంచినప్పుడు మునిగిన ఊరది. తలుపులు, ద్వారబంధములు పెరికి తెచ్చుకొంటిమని ఆయన చెప్పెను.

జలాశయము వలదని మా వాదము కాదు. శ్రీశైలమునుండి కృష్ణాజలము గాలేరు–నగరి కాలువ వెంట అవుకు మీదుగా ఇచటికి చేరును. ఇచటినుండి పైడిపాళెము, చిత్రావతి జలాశయములకు ఎత్తిపోయగా పులివెందుల చీనీతోటలకు ప్రాణము వచ్చుచున్నది. బోరెండిన రైతు దుఃఖమెట్టిదో ఈ సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయినను, ఒకరి తోట పచ్చబడుటకు ఇంకొకరి వాకిలి మునిగినదని మన బిడ్డలకు తెలియవలదా? గండికోట జలాశయపు సామర్థ్యము 26.85 టి.ఎం.సి. అని మా విద్యార్థులు తడుముకొనక చెప్పుదురు. మునిగిన ఊరి పేరడిగిన మిన్నకుందురు. అంకెను నేర్పి ఊరిపేరు నేర్పని చదువు సగము చదువే. కావున మేము బడికి వచ్చిన మరునాడే నల్లబల్లమీద ఆ అంకెక్రింద తాళ్ళప్రొద్దుటూరని వ్రాసితిమి. వెనుకవరుసనుండి ఒక బాలుడు లేచి, “మా అవ్వోళ్ళ ఊరు సార్” అనెను. ఏడాదిగా మా తరగతిలో కూర్చున్న బాలుడు ఆ మాట చెప్పుట అదియే మొదలు.

జనులెన్నడును లేని అడవి వేరు, జనులు ఖాళీచేసి పోయిన చోటు వేరు. రెంటిని ఒక్క నిర్జనశబ్దముతో పిలువరాదు. తెల్లవారి తిరిగి వత్తుమను నమ్మకముండుటచేతనే ఒక రాత్రి ఇల్లు విడుచుట మనకు వినోదమైనది. ఆ నమ్మకము లేక ఇల్లు విడిచినవారి నీటిదరికి మనము అతిథులము. సీసాలు, విస్తళ్ళు నీట పారవేయక, పాటలపెట్టెలు మ్రోగింపక, అచటి పెద్దలు చెప్పు నాలుగు మాటలు బిడ్డలకు వినిపింపుడు. విహారమునకు పోవు గృహస్థులకు మా విన్నపమింతే.