మందు ఇచ్చే చేయి

మా పెద్దమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేరినప్పుడు బంధువులలో కొందరు పెదవి విరిచారు. "ఆడపిల్లకు రాత్రి డ్యూటీలు అవసరమా?" అని ముఖం మీదనే అడిగినవారున్నారు. మేమిద్దరం వారికి ఎదురు చెప్పలేదు గాని, మా మనసులోనూ ఏదో ఒక మూల సందేహం ఉండేది. రెండవ సంవత్సరంలో ఆమె ఫార్మకాలజీ పుస్తకం ఇంటికి తెచ్చి, నోరు తిరగని మందుల పేర్లు వల్లె వేస్తుంటే, "మందు రాసేది డాక్టరు, అమ్మేది దుకాణదారు. మధ్యలో నర్సుకు ఇంత చదువెందుకు?" అని నవ్వుకునేవాళ్లము.

ఆ నవ్వుకు జవాబు ఆ ఏటి సెలవులలో మా ఇంట్లోనే దొరికింది.

మా ఇంట్లో దాదీకి చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నది. రోజూ ఇన్సులిన్ సూది మేమే వేస్తాము. ఆ వారం డాక్టరుగారు పాత ఇన్సులిన్ మాన్పించి, రాత్రిపూట 20 యూనిట్ల చొప్పున వేయమని కొత్తది రాశారు. కొత్త సీసా తెచ్చుకున్నాము. ఇంట్లో పాత సిరంజీలు డబ్బా నిండా ఉన్నందున వేరే కొనలేదు. ఇషా నమాజు తరువాత, ఎప్పటిలాగే సిరంజీలో 20వ గీత వరకు మందు లాగాము. దాదీ చేయి చాచారు.

"అబ్బా, ఒక్క క్షణం ఆగండి" అన్నది అమ్మాయి.

ఆమె సీసాను దీపం వద్దకు తీసుకువెళ్లి చదివింది. తరువాత సిరంజీని చూసింది. మాకు సీసాలన్నీ ఒకటే, సిరంజీలన్నీ ఒకటే. ఆమె చెప్పేవరకు తేడా తెలియలేదు. మా పాత సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు ఉండేది. ఎర్ర మూత గల మా సిరంజీ మీది గీతలు ఆ మందుకే సరిపోతాయి. కొత్త సీసాలో ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉన్నాయి. పాత సిరంజీలో 20వ గీత అంటే అర మిల్లీలీటరు. అంటే మేము వేయబోయినది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు!

"రాత్రి నిద్రలో చక్కెర పడిపోతే చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. దాదీ నిద్రపోతున్నారనే మనం అనుకుంటాము" అన్నది నెమ్మదిగా. మా చేతులు వణికాయి. వెంటనే మందుల దుకాణానికి వెళ్లి నారింజ రంగు మూత గల 100 సిరంజీలు తెచ్చాము. "రంగును నమ్ముకోవద్దు. సీసా మీది సంఖ్య, సిరంజీ మీది సంఖ్య ఒకటేనా అని ప్రతిసారీ చదవండి" అని ఆమె మరీ మరీ చెప్పింది.

దాదీకి సూది వేసిన తరువాత మేము అభినందించబోతే అమ్మాయి తల వంచుకున్నది. "అమ్మీ, మీకొక విషయం చెప్పలేదు" అన్నది.

రెండు నెలల క్రితం వార్డులో పక్కపక్క మంచాల మీద ఒకే పేరు గల ఇద్దరు స్త్రీలు ఉన్నారట. మన ఇళ్లలో ఫాతిమాలు, ఖదీజాలు ఎందరో గదా! ఒకామెకు గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ ఇవ్వాలి. రెండవామె ఆస్తమా రోగి. మా అమ్మాయి మందు పట్టుకుని వెళ్లి, "మీరు ఫాతిమాగారే కదా?" అని అడిగింది. నిద్రమత్తులో ఉన్న ఆస్తమా రోగి "అవును" అని చేయి చాచింది. వెనుకనే ఉన్న సీనియర్ సిస్టర్ ఆపి, మణికట్టు మీది పట్టీలోని నంబరు చూడమన్నారు. మంచం తప్పు. ఆ మాత్ర ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలను బిగించగలదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది మా అమ్మాయే.

"ఆమె తిట్టారా?" అని అడిగాము.

"లేదు. జరిగినదంతా రిజిస్టరులో నా చేతనే రాయించారు. 'పేరు నువ్వు చెప్పకు, రోగి చేత చెప్పించు. ఆ తరువాత నంబరు చూడు' అన్నారు. మీకు చెబితే చదువు మాన్పిస్తారని భయపడ్డాను."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ భయం ఆమెకు కలిగించినది మా సందేహమేనని అర్థమయింది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని నర్సింగ్ విద్యార్థులు వల్లె వేసే అయిదు మాటలు మాకు అంతవరకు పాఠంగానే వినిపించాయి. డాక్టరు కలం, దుకాణదారు చేయి దాటి వచ్చిన పొరపాటును ఆపగల చివరి చేయి చాలాసార్లు నర్సుదే. ఆ చేతికి మందు గుణం తెలియాలి, లెక్క తెలియాలి, అనుమానం వస్తే ఆగి అడిగే ధైర్యం ఉండాలి. తప్పు జరగబోతే దాచకుండా చెప్పే నిజాయితీ కూడా ఉండాలి. అది మొదలు కావలసినది ఇంట్లోనే. తప్పు చెప్పిన బిడ్డను శిక్షించే ఇల్లు, తప్పు దాచే నర్సును తయారు చేస్తుంది.

మంచం మీద నుండి అన్నీ విన్న దాదీ, "సెలవులు అయ్యేవరకు నా సూది బేటీయే వేస్తుంది" అన్నారు.

అమ్మాయి ఆమె వద్దకు వెళ్లి నవ్వుతూ, "ముందు మీ పేరు చెప్పండి దాదీ!" అన్నది.