ప్యాకప్ చెబితే సరిపోదు!

ఫిల్మ్‌నగర్‌లో హీరో సెట్‌కి ఒక్కడే రాడు. మేకప్‌మేన్, టచప్ బాయ్, డ్రైవర్, మేనేజర్... వెనకాలే కారవాన్. వాళ్లలో ఒకరు రాకపోయినా షాట్ ఆలస్యమే. కంప్యూటర్‌లోకి వచ్చే సాఫ్ట్‌వేర్ తీరూ అంతే. సినిమాలకు టైటిల్స్, సబ్‌టైటిల్స్ చేసే ఓ కుర్రాడికి ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

అతనుండేది ఫిల్మ్‌నగర్‌లో ఓ అద్దె గది. ఉన్నది పాత కంప్యూటర్. కొత్తది కొనే స్తోమత లేక, ఉచితంగా దొరికే లినక్స్ వేయించుకున్నాడు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ రకం. సినిమావాళ్లకు లినక్స్ కొత్తేం కాదు. 1997లో వచ్చిన ‘టైటానిక్’ గ్రాఫిక్స్‌లో కొంత భాగం లినక్స్ యంత్రాల మీదే తయారైంది.

మొదటిరోజే చిక్కొచ్చింది. నటీనటుల పేర్లు తెలుగులో కొడితే తెరమీద అన్నీ గళ్లే! స్నేహితుడు ఫోన్లో ఒక్క లైను చెప్పాడు... ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు’. నల్లటి టెర్మినల్ తెరలో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ‘సుడో’ అంటే యజమాని హోదాలో ఆజ్ఞ. పాస్‌వర్డ్ ఇస్తే, ఇంకా ఏమేం రాబోతున్నాయో, ఎంత చోటు పడుతుందో చూపించి ‘సరేనా?’ అంటుంది. ‘వై’ నొక్కితే సరే.

తమాషా ఏంటంటే, ‘ఫాంట్స్-తెలు’లో ఒక్క అక్షరమూ ఉండదు. అది ప్రొడక్షన్ మేనేజర్ లాంటిది. లోహిత్‌నీ, పోతన, వేమన ఫాంట్లున్న ప్యాకేజీనీ పిలుచుకొస్తుంది. అవన్నీ డెబియన్ సొంత గోదాము నుంచి, ముద్ర సరిచూసుకున్నాకే వస్తాయి. ఊరూపేరూ లేని సైట్ల వెంట తిరగాల్సిన పనిలేదు.

పెట్టడం సులువే. తీయడం దగ్గరే అసలు కథ!

ఓ రాత్రి డిస్కు నిండిపోయింది. తెల్లారితే బంజారాహిల్స్‌లోని నిర్మాత ఆఫీసులో టైటిల్ కార్డులు ఇవ్వాలి. చోటు కోసం ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెట్టాడు. పైథాన్ కనిపించింది. ‘నేనేమైనా ప్రోగ్రామర్‌నా?’ అనుకుని ‘ఏపీటీ రిమూవ్ పైథాన్3’ కొట్టాడు. దాంతోపాటు ఏమేం పోతాయో తెరమీద బారెడు జాబితా. వేలు ‘వై’ మీదుంది. ఎందుకో ఒక్కసారి చదివాడు. అందులో డెస్క్‌టాప్ భాగాలు కూడా ఉన్నాయి! నొక్కి ఉంటే ఆ రాత్రి పనిచేయడానికి కిటికీలూ, మెనూలూ మిగిలేవి కావు. గుండె చిక్కబట్టుకుని ‘ఎన్’ నొక్కాడు.

ఎప్పుడో సరదాకి వేసి మరిచిపోయిన ఆటలు గుర్తొచ్చాయి. వాటిని ‘రిమూవ్’ చేశాడు. అయినా వాటి వెంట వచ్చిన పరివారం అక్కడే ఉంది. హీరో వెళ్లిపోయినా కారవాన్ సెట్‌లోనే ఉండిపోయినట్టు! ‘ఏపీటీ ఆటోరిమూవ్’ అన్నాక, ఎవరికీ అక్కర్లేనివి జాబితాగా కనిపించాయి. ఈసారి ప్రతి పేరూ చదివాకే ‘వై’ నొక్కాడు. చోటు దొరికింది, కార్డులు వేళకి అందాయి.

ఇంకో మాట. ‘రిమూవ్’ చేసినా కంప్యూటర్‌లోని సెట్టింగుల ఫైళ్లు ఉండిపోతాయి. మళ్లీ పెట్టుకుంటే పాత అమరికే వస్తుంది. అవీ వద్దనుకుంటే ‘పర్జ్’ చేయాలి. ఏది చేసినా మనం దాచుకున్న ఫొటోలు, ఉత్తరాలు, సొంత పనులు ఎక్కడికీ పోవు.

స్టూడియోలో పాత సెట్ విప్పకపోతే కొత్త సెట్‌కి జాగా ఉండదు. అలాగని పక్క సెట్ ఆనుకున్న స్తంభాన్ని పీకేస్తే రెండూ కూలతాయి. అందుకే ఆ నల్లటి తెర పని మొదలుపెట్టే ముందు జాబితా చూపించి మరీ అడుగుతుంది. చదవకుండా సంతకం పెట్టొద్దని మన పెద్దలు చెప్పే మాట... ‘వై’ మీటకీ వర్తిస్తుంది!