నూరుట రెండు విధములు

కంప్యూటరు ఆటలు ఆడే పిల్లల పరిభాషలో ‘గ్రైండింగు’ అని ఒక మాట ఉన్నది. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్న మా మనవడు ఆ మాటను దినానికి పదిసార్లయినా వాడతాడు. గెలవగలిగిన పోరాటాన్నే మళ్ళీ మళ్ళీ చేసి, వచ్చిన బంగారాన్నీ అనుభవాన్నీ కూడబెట్టి, తన వీరుణ్ణి బలవంతుణ్ణి చేసుకోవడానికి ఆ పేరట. దీనికి తెలుగేమిటి తాతయ్యా అని వాడు అడిగినప్పుడు నాకు నిఘంటువు తీయవలసిన అవసరం కలగలేదు. నూరడం. పచ్చడి నూరుతాము, మందు నూరుతాము, కత్తి నూరుతాము. క్రియ ఒకటే, ఫలితాలు రెండు. రోటిలో నూరినది తన రూపం పోగొట్టుకుంటుంది. రాతి మీద నూరినది పదునెక్కుతుంది. నూరు అంటే వంద గనుక నూరుసార్లు చేయడమే నూరడమని వాడు చమత్కరించాడు. వ్యుత్పత్తి అది కాకపోయినా, భావానికి లోటు లేదని ఊరుకున్నాను.

ఈ మాట మీద ఇంత ఆలోచన సాగడానికి కారణం మా పటమట ఇంట్లో పుట్టిన ఒక తగవు. ఆట వల్ల చదువు చెడుతున్నదని, వచ్చే సంవత్సరం పిల్లవాణ్ణి హాస్టలున్న కళాశాలలో చేర్చాలని మా అబ్బాయి పట్టుదల. బెజవాడ చుట్టుపక్కల అటువంటి కళాశాలలకు కొదవ లేదన్న సంగతి మీకు తెలియనిది కాదు. దరఖాస్తు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మనవడు ముఖం మాడ్చుకున్నాడు. కోడలు ‘మామయ్యగారూ, మీరే ఏదో ఒకటి తేల్చండి’ అన్నది. చూడని దాని మీద తీర్పు చెప్పడం పంతుళ్ళకు తగదు. అందువల్ల పదిరోజుల పాటు సాయంత్రాలు మనవడి పక్కన కుర్చీ వేసుకొని ఆ ఆట చూశాను.

ఆట పేరు ‘స్వోర్డ్స్ అండ్ శాండల్స్’. అంటే కత్తులు, చెప్పులు. రోమకుల కాలపు మల్లుల పద్ధతి. ఆస్ట్రేలియాకు చెందిన ఆలివర్ జాయ్స్ రూపొందించిన ఈ ఆటలను 2000 దశకంలో పిల్లలు ఇంటర్నెట్ కేఫుల్లో ఫ్లాష్ మీద ఆడుకునేవారు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయినా, పాత ఆటలను కట్టగట్టి మళ్ళీ విడుదల చేసినందువల్ల ఈ తరం చేతికి కూడా అందినవి. ఇందులో వీరుడు దేశాలు తిరగడు, రాకుమార్తెను వెదకడు. గోదాలోకి దిగుతాడు, పోరాడతాడు, వచ్చిన డబ్బుతో అంగడిలో కత్తీ కవచమూ కొంటాడు, మళ్ళీ గోదాలోకి దిగుతాడు. బలం, చురుకుదనం, దాడి, రక్షణ, ప్రాణశక్తి, ఓపిక మొదలైన గుణాలకు అంకెలు ఉంటాయి. ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడు లభించే పాయింట్లను ఏ గుణానికి వేయాలో ఆడేవాడే నిర్ణయించుకోవాలి. తక్కిన ఆటలలో కథ అనే పరదా చాటున దాగే నూరుడు ఇక్కడ పట్టపగలు కనిపిస్తుంది.

గోదా అనే మాట మనకు కొత్తది కాదు. బరి, గరిడీ, తాలింఖానా అన్నీ మన మాటలే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరంలో సాము నేర్చి, కలియుగ భీముడన్న బిరుదు పొందినది ఆ సంప్రదాయం నుంచే. అమలాపురంలో నేటికీ దసరాకు చెడీ తాలింఖానా ప్రదర్శనలు జరుగుతాయి. గరిడీలో నిన్న చేరిన కుర్రవాణ్ణి వస్తాదు మీదికి తోలరు. ఉజ్జీ చూస్తారు. చట్టం ఒప్పని సంక్రాంతి కోడిపందాలలో సైతం పందెగాళ్ళు ముందు చేసే పని ఉజ్జీ కుదర్చడమే. ఏ వారం ఏ రంగు పుంజు ఏ రంగు మీద గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రమే పుట్టింది. డేగకు ఒక రోజు, కాకికి ఒక రోజు, నెమలికి ఒక రోజు. శాస్త్రం నిజానిజాలు అటుంచి, ఏ రంగూ అన్ని రోజులూ గెలవకూడదన్న ఊహ మాత్రం గొప్పది. మా మనవడి ఆటల వారు ‘బ్యాలెన్సు’ అనేది దీనినే.

ఆ బ్యాలెన్సు ఎలా పనిచేస్తుందో చెబుతాను. గోదాలో దెబ్బలు మూడు రకాలు: తేలికదెబ్బ, మామూలుదెబ్బ, పెద్దదెబ్బ. తేలికది తరచుగా తగులుతుంది, నష్టం తక్కువ. పెద్దది తగిలితే భారీ నష్టం, కానీ చాలాసార్లు గాలిలో పోతుంది. లెక్క కోసం నేనే కొన్ని అంకెలు వేసుకున్నాను. తేలికదెబ్బ నూటికి 80 సార్లు తగిలి 10 చొప్పున ప్రాణం తీస్తే నూరు దెబ్బలకు 800. పెద్దదెబ్బ నూటికి 40 సార్లే తగిలి 25 చొప్పున తీస్తే 1000. సగటు చూస్తే పెద్దదెబ్బే మేలు. కానీ ఎదుటివాడికి మిగిలిన ప్రాణం పదే అయినప్పుడు పెద్దదెబ్బ కొట్టడం అవివేకం. అక్కడ నూటికి 80 పాళ్ళు పని ముగించేది తేలికదెబ్బే. ఓపిక తరిగిపోతున్నప్పుడు ఏ దెబ్బా కొట్టక సేద తీరడమే యుక్తి. ప్రతి దెబ్బకూ దాని వేళ ఉన్నది. ఎప్పుడూ ఒకే దెబ్బ లాభించే ఆటలో తక్కిన దెబ్బలు అలంకారాలుగా మిగిలిపోతాయి.

నాకు అమితంగా నచ్చినది హేళన. ఆకర్షణ అనే గుణం పెంచుకున్న వీరుడు మాటతోనే ప్రత్యర్థిని దెబ్బతీయవచ్చు. ‘ఇది మన శల్యసారథ్యంరా’ అన్నాను. రథం తోలుతూనే కర్ణుడి తేజోవధ చేసిన శల్యుడి కథ వాడికి చెప్పవలసి వచ్చింది. కథ విని వాడు ‘అయితే ఆయన ఆకర్షణకు పాయింట్లన్నీ పోశాడన్నమాట’ అన్నాడు. వ్యాఖ్యానం బాగానే ఉన్నదనిపించింది.

ఇక నూరుడు వల్ల ఈ సమతూకం రెండు విధాల చెడుతుంది. చిన్న ప్రత్యర్థులను అదేపనిగా కొట్టి కొట్టి, మంచి కవచం కొనుక్కొని, అప్పుడు పెద్దవాడి ముందుకు వెళితే పోరాటం రెండు క్షణాలలో ముగుస్తుంది. ఏ దెబ్బ ఎప్పుడు కొట్టాలన్న ఆలోచనకు తావే ఉండదు. గెలిచినది అంకె, ఆడేవాడు ప్రేక్షకుడు. ఇది ఒక దోషం. దీనిని సరిదిద్దబోయి 2006లో వచ్చిన ‘ఎల్డర్ స్క్రోల్స్’ వరుసలోని ‘ఆబ్లివియన్’ ఆట రెండవ దోషంలో పడింది. ఆ వరుసలో 1994 నాటి మొదటి ఆట పేరే ‘అరీనా’. మల్లయోధుల జట్లు ఊరూరా తిరిగి పోరాడే ఆటగా దానిని మొదట తలపెట్టారు. క్రమంగా గోదా పోయి పేరు మాత్రం మిగిలింది. ఆబ్లివియన్‌లో మాత్రం రాజధానిలో నిజంగానే గోదా ఉన్నది. అందులో వీరుడు ఎదిగిన కొద్దీ శత్రువులూ ఎదుగుతారు. చివరకు దారిదోపిడీ దొంగ కూడా అమూల్యమైన గాజు కవచం తొడుక్కొని ఎదురుపడతాడు. అంత కవచం కొనగలవాడికి దోపిడీ ఎందుకని ఆడేవారు నవ్వుకున్నారు. నవ్వు అటుంచి, అందులోని నిస్పృహ గమనించండి. ఎంత నూరినా ఎదుటివాడితో దూరం తగ్గదు.

ఈ సంగతి మనవడికి వివరిస్తుంటే వాడు తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: ‘తాతయ్యా, మా కాలేజీ రెండోది. ప్రతి వారం పరీక్ష, ప్రతి వారం ర్యాంకు. నాకు పది మార్కులు పెరిగితే అందరికీ పెరుగుతాయి. నా ర్యాంకు అక్కడే ఉంటుంది. ఈ ఆటలో కనీసం మొదటి దోషమే ఉంది.’ పదహారేళ్ళ పిల్లవాడి నోట ఆ మాట విని చాలాసేపు నాకు మాట తోచలేదు. ఆ రాత్రి మా అబ్బాయికి చెప్పాను. ‘ర్యాంకంటే అంతే కదా నాన్నగారూ, ఒకడు పైకి వెళితే ఒకడు కిందికి రావాలి’ అన్నాడు. అదీ నిజమే.

నాకు భారతం గుర్తుకు వచ్చింది. తిక్కనగారి పదిహేను పర్వాలలో శల్యపర్వం ఒకటి. యుద్ధం చివర మడుగులో దాగిన దుర్యోధనుడితో ధర్మరాజు, మాలో ఎవరినైనా ఎన్నుకో, నచ్చిన ఆయుధం ఎన్నుకో, గెలిస్తే రాజ్యం నీదే అన్నాడు. కృష్ణుడు మండిపడ్డాడు. వాడు నకులుణ్ణో సహదేవుణ్ణో కోరుకొని ఉంటే ఏమయ్యేది? ఉజ్జీ చూడకుండా బరి గీసినందుకు చీవాట్లు అవి. అప్పుడే కృష్ణుడు మరొక రహస్యం చెబుతాడు. భీముణ్ణి చంపాలన్న కోరికతో దుర్యోధనుడు పదమూడేళ్ళు ఒక ఇనుప బొమ్మ మీద గద సాధన చేశాడు. పోరు సాగుతుండగా అర్జునుడు వీరిలో ఎవరు మిన్న అని అడిగితే, ఇద్దరికీ ఉపదేశం సమానమే, బలంలో భీముడు మిన్న, యత్నంలో దుర్యోధనుడు మిన్న అంటాడు. ఎంత చక్కని ఉజ్జీ! ధర్మయుద్ధంలో తేలక, తొడల మీద కొట్టి తేల్చవలసి వచ్చిన ఉజ్జీ.

ఇనుప బొమ్మ తిరిగి కొట్టదు, ఎదగదు. పదమూడేళ్ళ ఆ పని కేవలం నూరుడే. అయితే మడుగు నుంచి వెలికి వచ్చిన దుర్యోధనుణ్ణి చూడండి. పదకొండు అక్షౌహిణులు లేవు, తమ్ములు లేరు, రథం లేదు. కూడబెట్టినదంతా పోయిన తరువాత కూడా చేతిలో గద తిరుగుతున్నది. అది కత్తి నూరుట.

మర్నాడు మనవడికి ఒక పరీక్ష పెట్టాను. కూడబెట్టిన వీరుణ్ణి పక్కన పెట్టి, కొత్తవాణ్ణి మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టు; చిన్నవాళ్ళను అదనంగా కొట్టకుండా మొదటి విజేతను ఎదుర్కో. మొదటిసారి ఆ విజేత చేతిలో ఆరుసార్లు ఓడినవాడు ఈసారి రెండో ప్రయత్నానికే పడగొట్టాడు. ఎప్పుడు సేద తీరాలో, ఎప్పుడు తేలికదెబ్బ వేయాలో తెలిసిపోయింది. వాడి ముఖం వెలిగింది. ‘సరే, ఎన్ని రోజులు ఆడితే ఇది వచ్చింది?’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘మొదటి వారంలోనే వచ్చేసింది. తర్వాత నెలంతా ఊరికే మౌసు నొక్కాను తాతయ్యా’ అన్నాడు. వారం కత్తి, నెల పచ్చడి. ఆ లెక్క నేను చెప్పలేదు, వాడే చెప్పాడు.

అదే పరీక్ష చదువుకు కూడా పెట్టమని మా అబ్బాయిని అడిగాను. బడిలో నాకు ఇది అలవాటైన పనే. రామశబ్దం వల్లె వేసిన పిల్లవాణ్ణి రామశబ్దం అడగను, కృష్ణశబ్దం అడుగుతాను. చెప్పగలిగితే వల్లె పనిచేసినట్టు. మా అబ్బాయి ఇంజనీరింగు చదివినవాడు. వారపు పరీక్షలలో మనవడు సరిగా చేసిన భౌతికశాస్త్రపు లెక్కలు పది తీసుకొని, ఇచ్చినదానిని అడిగి, అడిగినదానిని ఇచ్చి, తారుమారు చేశాడు. పదిలో నాలుగే వచ్చినవి.

తండ్రీకొడుకులు ఇద్దరూ ఆ కాగితం వైపు చూస్తూ కూర్చున్నారు. అబ్బాయి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ప్రవేశపరీక్షలో 180 నిమిషాలలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. పదేపదే చేయని చేతికి ఆ వేగం రాదు. రోజూ రోలు తిరగని వంటింట్లో అన్నంలోకి ఏమీ ఉండదు గదా. ఆ మాట నేను ఒప్పుకున్నాను. కత్తికి కూడా ఒక గంట కేటాయించమన్నాను. హాస్టలు దినచర్యలో ఆ గంట ఎక్కడ ఉన్నదో చూపించమన్నాను.

దరఖాస్తు ఇంకా నింపలేదు. గడువుకు మూడు వారాలున్నవి. మనవడు ఆటను తనంతట తానే ఆదివారానికి కుదించుకున్నాడు. గెలిచిన విజేత జోలికి మళ్ళీ పోకూడదన్నది వాడు పెట్టుకున్న నియమం. రోజూ రాత్రి భోజనాల తరువాత తండ్రి పది లెక్కలు తారుమారు చేసి ఇస్తున్నాడు. గడువులోగా ఆ నాలుగు ఎక్కడికి చేరుతుందో చూసి హాస్టలు సంగతి తేల్చుదామని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పక్కవాళ్ళ ర్యాంకుతో దానికి నిమిత్తం లేదు గనుక ఉజ్జీ న్యాయంగానే ఉన్నదనిపించింది.

నిన్న రాత్రికి అయిదు అయినవి.