అరచేతిలో గూడ్సు బండి

గూడ్సు బండి వస్తోందంటే గేటు దగ్గర ఆగినవాళ్లకు విసుగు. పిల్లలు పెట్టెలు లెక్కపెడతారు, పెద్దలు వాచీ చూసుకుంటారు. అదే బండిని కన్నార్పకుండా చూసేవాళ్లూ ఉంటారు... రైలు నమూనాలు చేసేవాళ్లు! కీ ఇస్తే తిరిగే బొమ్మలు కావవి. అసలు వ్యాగన్‌ను 87వ వంతుకు కుదించి, దాని మీది మరకతో సహా దించే పని. అలాంటి సరదా ఉన్నవాళ్లు ఒక పూట గడపదగ్గ చోటు గద్వాల.

సికింద్రాబాద్-డోన్ మార్గంలో కృష్ణ దాటాక వచ్చే ఊరిది. 2013లో రాయచూరు లైను తెరుచుకోవడంతో జంక్షన్‌గా మారింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవారికి గూడ్సు పెట్టెలన్నీ ఒకేలా అనిపిస్తాయి. కాస్త ఆగి చూడాలి. పైకప్పు లేనిది బాక్స్‌ఎన్, బొగ్గు మోస్తుంది. పొడవు 10.7 మీటర్లు, నమూనాలో 12 సెంటీమీటర్ల పైచిలుకు. కప్పున్నది బీసీఎన్. సిమెంటు, ఎరువులు, ధాన్యం బస్తాలు దీంట్లో వెళ్తాయి. నమూనాలో దాదాపు 18 సెంటీమీటర్లు వస్తుంది.

పక్కన తెల్లరంగుతో రాసిన 11 అంకెలు ఆ వ్యాగన్ జాతకమే. మొదటి రెండూ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆపై రెండూ తయారైన ఏడాది, తర్వాతి నాలుగూ దాని సొంత నంబరు. చివరి అంకె మిగతా పదింటినీ లెక్కగట్టి వేసేది. తోచిన నంబరు వేస్తే తెలిసినవాళ్లకు ఇట్టే దొరికిపోతారన్నమాట! మరమ్మతు తేదీలు రాసే చోట మాత్రం రంగు కొత్తగా మెరుస్తుంటుంది. విజయవాడ దగ్గరి గుంటుపల్లిలాంటి వ్యాగన్ వర్క్‌షాపుల్లో పెట్టెను విప్పి బాగుచేశాక వేసే రాతలవి.

అసలు పనితనం తుదిమెరుగుల్లోనే. ముందు ఎర్రమట్టి రంగు, దాని మీద అక్షరాలు, ఆపై మెరుపు తగ్గించే వార్నిష్. ఆ తర్వాత బాగా పలచన చేసిన గోధుమరంగు పూసి వెంటనే తుడిచేస్తే మూలల్లో మాత్రం నిలుస్తుంది. బాక్స్‌ఎన్ లోపల నల్లటి పొడి, బీసీఎన్ తలుపుల కింద సిమెంటు చారలు, చక్రాల చుట్టూ బ్రేకు ధూళి. చాలామంది ఉత్సాహంగా తుప్పు దట్టంగా పూసేస్తారు. అప్పుడది సరుకు బండిలా కాదు, పాతిసామాన్ల కొట్టుకు వెళ్లే తుక్కులా కనిపిస్తుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేస్తారని పేరుపడ్డ గద్వాలకు ఇంత సన్నటి పని కొత్తేమీ కాదు.

ఒక చిక్కుంది. బజారులో దొరికే నమూనా పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశీ గేజి లెక్క. మన బ్రాడ్‌గేజికి 19 మిల్లీమీటర్ల పైనే కావాలి. చాలామంది సర్దుకుపోతారు. పట్టువదలనివాళ్లు సొంతంగా పట్టాలు వేసుకుంటారు.

ఈ దారి 1990ల దాకా మీటర్‌గేజి. నాటి చిన్న పెట్టెలు ఇప్పుడిక్కడ తిరగవు. పాత ఫొటోలు, వాటిని చూసినవాళ్ల జ్ఞాపకాలే ఆధారం. ఆ పెట్టెల రంగు, తలుపు గడియ తీరు చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.

ఇటు వనపర్తి రోడ్డు స్టేషనుంది గానీ, అది వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉంది. నాగర్‌కర్నూల్‌కైతే రైలే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మాచర్లకు లైను వేయాలన్నది దశాబ్దాల కోరిక. 2016లో మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి, పట్టాలున్నది మాత్రం గద్వాలకే.

నమూనాలో కిలోమీటరు లైనుకైనా 11న్నర మీటర్ల పట్టాలు కావాలి. అంత చోటు ఎవరింట్లో ఉంటుంది? ఒక బల్ల మీద ప్లాట్‌ఫారం, రెండు లైన్లు, ఎరువు బస్తాలు దించుతున్న నాలుగు బీసీఎన్‌లు పడతాయి. చివర పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ‘నాగర్‌కర్నూల్’ అని రాసుకోవచ్చు.