నలభై, నలభై రెండు

మా చిన్నాన్నకి విశాఖ ఫిషింగ్ హార్బర్లో ఒక చెక్క మరబోటు ఉంది. మూడేళ్ళ క్రితం దానికి నేనొక ఆటోమేటిక్ పంపు కొనిచ్చాను. బోటు అడుగున నీళ్ళు చేరగానే ఫ్లోటు స్విచ్చి పైకి లేస్తుంది, పంపు దానంతటదే ఆడుతుంది, నీళ్ళు సముద్రంలోకి పోతాయి. అంతకుముందు ఆ పని కలాసీలు చేతిపంపుతో చేసేవారు. తెల్లారుజామున ఒకడు ఇంజను గదిలోకి దిగి, పంపు కొట్టి, పైకొచ్చి "నలభై" అనో "నలభై రెండు" అనో చెప్పేవాడు. ఎన్నిసార్లు కొడితే అడుగు ఆరిందో అదీ ఆ లెక్క. నిద్రకళ్ళతో ఈ చాకిరీ ఎందుకని నాకనిపించింది. మనిషి రోజూ చేసే పనిని యంత్రానికి అప్పజెప్పడమే నా ఉద్యోగం మరి.

చెక్క బోటులోకి కాస్త నీరు రావడం మామూలే. పంకా షాఫ్టు బోటులోంచి బయటికెళ్ళే చోట గ్లాండు ఉంటుంది. అందులో గ్రీజు పట్టించిన తాడు చుట్టి బిగిస్తారు. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి. ఒక్క చుక్కా పడకుండా బిగిస్తే తాడు మాడిపోతుంది, షాఫ్టు అరిగిపోతుంది. ఐసు గదిలో కరిగిన నీళ్ళు కూడా కొన్ని అడుక్కి చేరతాయి. అందుకే కలాసీ చెప్పే లెక్కలో చిన్నాన్న చూసుకునేది ఒక్కటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత అని. నా పంపు వచ్చాక ఆ లెక్క చెప్పేవాళ్ళు లేకుండా పోయారు.

ఆ ఏడు ఆగస్టులో ఒక రాత్రి, నడిసముద్రంలో, పంపు నోట్లో వలదారం పీచు చుట్టుకుని ఆగిపోయింది. అప్పటికి అది రోజుకి ఎన్ని గంటలు ఆడుతోందో ఎవరికీ తెలీదు. ఇంజను చప్పుడులో దాని గొంతు వినపడదు. నీళ్ళు ఫ్లైవీలు దాకా లేచి, ఇంజను గదంతా వాన కొట్టినట్టు చిందితేగాని సంగతి బయటపడలేదు. బోటులో ఏడుగురు మనుషులు. బకెట్లతో తోడుతూనే ఉన్నారు. ఇంకో బోటువాళ్ళు తాడేసి లాక్కొస్తే తెల్లారి హార్బరు చేరారు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పి, చివర్న "పంపుదేటీ తప్పులేదురా బాబూ" అన్నాడు చిన్నాన్న. దానికేం చెప్పాలో తోచలేదు. శనివారం వెళ్ళాను.

అప్పటికే ఒక మెకానిక్కు వచ్చి చూసి, అంతా పొడిగానే ఉంది, చెక్క సందుల్లోంచి కారుతుండొచ్చు అనేసి వెళ్ళాడు. చిన్నాన్న ఒప్పుకోలేదు. అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. "ఉప్పు. సముద్రందే." తాగునీటి ట్యాంకు కారితే చప్పగా ఉంటుంది. ఐసు నీళ్ళయితే చేపల కంపు. "సందులోంచొస్తే ఆగున్న బోట్లోకీ రావాల గదా? రాట్లేదు. నడిస్తేనే వస్తంది."

ఇలాంటి తప్పులు నాకూ ఎరికే. పరీక్షించేటప్పుడు అంతా బాగుంటుంది, పనిలో పెట్టాకే బయటపడుతుంది.

ఇంజను చల్లబడ్డానికి సముద్రపు నీళ్ళనే లోపలికి లాక్కుంటారు. బోటు అడుగున ఒక వాల్వు, దాని తర్వాత జల్లెడ, తర్వాత ఇంజనుతో తిరిగే నీళ్ళ పంపు, అక్కణ్ణించి హీట్ ఎక్స్ఛేంజరు, చివరికి మళ్ళీ సముద్రం. పంపు దాటాక ఆ నీళ్ళకి ఒత్తిడి ఉంటుంది. అదీ ఇంజను తిరుగుతున్నంతసేపే. అడుగంతా పాతబట్టలతో తుడిచి, ప్రతి జాయింటు కిందా న్యూస్ పేపరు పరిచాం. ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపూ ఏమీ లేదు. వేగం పెంచిన ఇరవై నిమిషాలకి గేరుబాక్సు దగ్గర కాగితం తడిసింది. దాని పైనున్న క్లిప్పు బిగించబోతే చిన్నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నీరు పైపు పొట్ట కింద పాక్కుంటూ వచ్చి, పల్లం దొరికిన చోట జారుతుందట. పొడిగుడ్డతో తడి వెంబడే వెనక్కి తుడుచుకుంటూ వెళితే, నాలుగడుగుల అవతల ఇంకో క్లిప్పు దొరికింది. పైనించి చూస్తే కొత్తదే. దాని కిందుగా వేలు పోనిస్తే ఎర్రటి తుప్పు అంటుకుంది. పట్టీ సగం తినేసి ఉంది.

హోసు మార్చి, ప్రతి కొసకీ రెండేసి స్టీలు క్లిప్పులు, స్క్రూలు ఎదురెదురుగా వచ్చేట్టు వేశాం. కొన్ని క్లిప్పులకి పట్టీ స్టీలే అయినా స్క్రూ మామూలు ఇనుముది ఉంటుంది. అయస్కాంతం పెట్టి అలాంటివి ఏరేశాం. తీరా చూస్తే అడుగు వాల్వు తిరగట్లేదు. ఏళ్ళుగా ఎవరూ మూసి చూడలేదు. నేను లెక్కేశాను. సెకనుకో చుక్క కారితే రోజుకి నాలుగు లీటర్ల పైచిలుకు. మీటరు లోతున అంగుళం పైపు ఊడితే నిమిషానికి 70 లీటర్లకు పైగా. నా పంపు డబ్బా మీద రాసింది గంటకి 1100 గాలన్లు, అంటే నిమిషానికి 70 లోపే. అదీ కాగితం మీద. నీళ్ళు పైకెత్తాలంటే అంతకూడా రాదు. ఆ వాల్వు మార్చాలంటే బోటు గట్టెక్కాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి అప్పుడు మార్చాం. అందాకా కోసుగా చెక్కిన చెక్క బిరడా ఒకటి వాల్వు పక్కనే తాడుతో కట్టి ఉంచాం.

జోసెఫ్ కాన్రాడ్ 1898లో రాసిన 'యూత్' కథలో ఒక ముసలి ఓడ కారుతూ ఉంటుంది. నావికులు పగలనక రాత్రనక పంపులు కొడుతూ ఉంటారు. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు అందులో నాకు కుర్రతనపు సాహసమే కనపడింది. ఈ గొడవ తర్వాత మళ్ళీ చదివాను. ఓడ పరిస్థితి ఎంత చెడిందో అందులో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, వాళ్ళ భుజాలకే తెలుసు. అదే నేను మా బోటులోంచి తీసేశానని అప్పుడు అర్థమైంది.

ఆటోమేటిక్ పంపు తీసేద్దామంటే చిన్నాన్న వద్దన్నాడు. దాని నోటికి జల్లెడ పెట్టాం, పైన ఇంకో ఫ్లోటుకి గంట కట్టాం, డ్రైవరు గదిలో ఒక బల్బు, ఒక కౌంటరు బిగించాం. పంపు ఆడిన ప్రతిసారీ కౌంటరులో ఒకటి పెరుగుతుంది. తెల్లారి కలాసీ ఆ అంకె చూసి పలక మీద రాస్తాడు.

మొన్న బోటు గట్టుకి వచ్చాక ఫోన్లో మాట్లాడుతూ, ఒక రోజు పలక మీద సున్నా పడిందని చెప్పాడు చిన్నాన్న. నేను సంబరపడబోయాను. "గ్లాండు కారాల గదరా, సున్నా ఎలగొస్తది?" అన్నాడు. వెంటనే కిందికి దిగి చూశాడట. కౌంటరు వైరు ఊడిపోయి ఉంది.